మట్టిలో పెట్టిన ఆర్కిడ్

ఆ రోజు నేను చేసిన తప్పు వింటే ఎవరైనా నవ్వుతారు. ఒక మొక్కను మట్టిలో నాటాను.

అది పక్కింటి సిస్టర్ మొక్క. పటాన్‌చెరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆమెను కాలనీ అంతా సిస్టర్ అనే పిలిచేది. కేరళ నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది. రోగులతో మాట్లాడి మాట్లాడి మా తెలుగే పట్టుబడింది ఆమెకు. పుట్టింటి మామిడిచెట్టు కొమ్మ మీద పెరిగిన ఆర్కిడ్ నుంచి ఒక పిలక తెచ్చుకుని, కొబ్బరి పీచుతో చెక్కముక్కకు కట్టి, కిటికీకి వేలాడదీసుకుంది. సెలవు మీద ఊరికి వెళ్తూ దాన్ని నా భార్య చేతికిచ్చింది. పొద్దున ఒకసారి వాన నీళ్ళు చిలకరిస్తే చాలు, ఇంకేమీ చేయొద్దని చెప్పింది.

నా భార్యకు ఆ కాలనీలో ఉన్న స్నేహమల్లా సిస్టరే. నాతో పాటు కొండాపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి కాజీపల్లి ఫ్యాక్టరీల మధ్య రెండు గదుల కిరాయి ఇంట్లో దిగింది. నేను షిఫ్టుకు పోతే ఆమెకు మాట్లాడే మనిషి లేదు. సిస్టరే జ్వరమొస్తే మందులిచ్చింది, కుట్టుమిషన్ నేర్పింది, బజారుకు తోడు తీసుకెళ్ళింది. నైట్ డ్యూటీకి పోయేటప్పుడు ఇంటి తాళంచెవి నా భార్యకే ఇచ్చి పోయేది. అలాంటి మనిషి అప్పజెప్పిన మొక్క కాబట్టి నా భార్య చెప్పింది చెప్పినట్టే చేస్తూ వచ్చింది.

ఆ రోజుల్లో మా కంపెనీ బాయిలర్ పాడై పని ఆగిపోయింది. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో, అందరినీ పిలుస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు. రోజూ గేటు దాకా నడిచి, వాచ్‌మన్ తల అడ్డంగా ఊపితే తిరిగి వచ్చేవాణ్ణి. ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. బాగున్న కుళాయి విప్పి మళ్ళీ బిగించాను, బాగున్న స్టవ్వు పాడుచేశాను. ఆ తర్వాత నా చూపు కిటికీ మీద పడింది. మొక్క వేళ్ళు తెల్లగా, ఎండిన పురికొసల్లా గాలిలో వేలాడుతున్నాయి. మాది తరాలుగా వ్యవసాయం చేసిన ఇల్లు. వేరు బయటపడితే మట్టి కప్పాలనేది నాకు ఎవరూ నేర్పలేదు, చేతులకే తెలుసు. ఆ వేళ్ళను చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఊరి చేను నుంచి తెచ్చిన నల్లమట్టి సంచి ఇంట్లోనే ఉంది. దానిలో మేకల ఎరువు కలిపి ఒక పెయింట్ డబ్బాలో నింపుతుంటే నా భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది.

“సిస్టరక్క ముట్టుకోవద్దన్నది.”

“మీ అక్క సూదులేస్తది, నాట్లేస్తదా? మట్టి లేకుంట ఏ చెట్టన్న బతుకుతదా?” అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. నేను మిరపనారు నాటినట్టు మొదలు చుట్టూ బొటనవేళ్ళతో గట్టిగా అదిమి, పైన నిలిచేదాకా బోరు నీళ్ళు పోశాను. చాలా రోజుల తర్వాత ఒక పని పూర్తి చేసినట్టు అనిపించింది.

మొదట బాగానే ఉన్నట్టు కనిపించింది. తర్వాత అడుగు ఆకు పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. నీళ్ళు చాలలేదేమో అని ఇంకా పోశాను. మిగతా ఆకులు ముడతలు పడ్డాయి. ఆఖరికి పీకి చూస్తే వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి. వేలితో పట్టుకుంటే పైతోలు ఊడి లోపలి నార మాత్రం మిగిలింది. మురుగు వాసన వచ్చింది. నా భార్య ఆ వాసనకు వంటింట్లోంచి వచ్చి, చూసి, గోడకు ఆనుకుని కూర్చుంది.

“అక్కకు ఫోన్ చెయ్యి,” అంది. “ఎట్ల బతికియ్యాల్నో ఆమెకే తెలుస్తది.”

రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కు ఇద్దరం వెళ్ళాం. లోపల ఒక్కరికే చోటు. ఆమె అద్దం తలుపు బయట నిలబడి నా ముఖమే చూస్తోంది. ఆర్కిడ్ వేళ్ళు కుళ్ళితే ఏం చేయాలని సిస్టర్‌ను అడిగి, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నానన్నాను.

“ఊకెనే అడగనీకె ఎవరన్న ఎస్టీడీ చేస్తరా తమ్మీ?” అంది ఆమె. కాస్త ఆగి, “చెల్లె నీళ్ళు ఎక్కువ పోసిందా?”

“అవును సిస్టర్,” అన్నాను. “మట్టిల పెట్టింది. ఎంత చెప్పినా ఇనలే.”

నేనే అని చెప్పడానికి ఆ మాటకు పట్టినంత సేపే పట్టేది. సాకు ఆమె అందించింది, నేను అందుకున్నాను. ఆ తర్వాత ఆమె చెప్పినవన్నీ బుద్ధిగా విన్నాను. బయటికి రాగానే నా భార్య అడిగింది, అక్క కోపం చేసిందా అని. నీ మీద ఎందుకు కోపం చేస్తది అన్నాను.

మొక్కను కడిగి, బ్లేడును మంట మీద కాల్చి, నల్లబడ్డ వేళ్ళన్నీ కోసేశాం. గట్టిగా మిగిలినవి రెండో మూడో. కోసిన చోట పసుపు అద్ది నీడలో ఆరబెట్టాం. ఇస్త్రీ బండి అతని దగ్గర బొగ్గు ముక్కలు అడిగి తెచ్చాను. వాటిని, పెంకు ముక్కలను, నానబెట్టి పిండిన కొబ్బరి పీచును చిల్లులున్న బుట్టలో వేసి, పైన మొక్కను కదలకుండా పాత చీర పేలికతో కట్టాం. గాలి ఆడాలి, తేమ ఉండాలి, తడి నిలవకూడదు. ఎండ నేరుగా తగలకూడదు. ఇక చేయాల్సింది ఏమీ లేదు, ఎదురుచూడాలని చెప్పింది సిస్టర్.

అది నాకు చేతకాలేదు. గేటు నుంచి వచ్చి బుట్ట దగ్గర నిలబడేవాణ్ణి. వేరు వచ్చిందేమో అని పీచు ఎత్తి చూసేవాణ్ణి. అలా ఎత్తినప్పుడే ఉన్న వేళ్ళలో ఒకటి విరిగింది.

“కోడి పొదుగుతుంటే గూడ గిట్లనే లేపి సూస్తవా?” అని నా భార్య బుట్టను తీసుకెళ్ళి స్నానాల గది వెంటిలేటర్ దగ్గర, నాకు అందనంత ఎత్తున కట్టింది. స్టూలు ఎక్కి రోజూ తనే చూసేది. నేను కింద నిలబడి అడిగేవాణ్ణి. ఆమె ఏమీ లేదని చెప్పేది. ఆమె మంచిగా మాట్లాడినప్పుడల్లా బూత్‌లో నేనన్న మాట గుర్తొచ్చేది. సిస్టర్ రాకముందే చెప్పేయాలనుకునేవాణ్ణి. సిస్టర్ సెలవు పొడిగించుకుందని తెలిసినప్పుడు సంతోషించాను.

కంపెనీ తెరిచారు, నన్ను పిలిచారు. మళ్ళీ షిఫ్టులు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి నా భార్య నా చెయ్యి పట్టుకుని స్టూలు మీదికి ఎక్కించింది. మొదలు దగ్గర, పీచు పక్కన, పెసర మొలకంత పచ్చటి కొన. ముట్టుకోవద్దని ముందే చెప్పింది. ఆ తర్వాత మరో వేరు వచ్చింది, నడుమ కొత్త ఆకు కూడా విచ్చుకుంటోంది.

సిస్టర్ వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. నా భార్య పరుగెత్తి వెళ్ళి ఆమెను తీసుకొచ్చింది. సిస్టర్ కొత్త వేళ్ళను చాలాసేపు చూసింది. ఇప్పుడు కదిలించొద్దు, ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండనిమ్మంది. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు బతికిచ్చినవ్ తమ్మీ. నువ్వే సూసుకో,” అంది. నా భార్య భుజం మీద చెయ్యేసి, “బాధపడకు చెల్లె. తెల్వక మట్టిల పెట్టినవ్. తమ్ముడు ఫోన్ల అంత చెప్పిండు.”

నా భార్య నన్ను చూసింది. నేను బుట్ట వైపు చూశాను.

“అవునక్కా,” అంది ఆమె. “తెల్వక చేసిన.”

సిస్టర్ వెళ్ళాక అన్నం పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా అంది.

“గీడ నాకు ఉన్నది ఒక్కతే. ఆమెను గూడ లేకుంట చేస్తివి.”

సిస్టర్‌కు ఆమె మీద కోపమేమీ లేదు. అదే ఇంకా కష్టమైంది. నల్లా దగ్గర బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్ళు మాట్లాడుకునేచోట ఆ కథ నవ్వుతూ చెప్పింది. దాంతో నా భార్య కనిపిస్తే, మా తులసికి మాత్రం నీళ్ళు పోయకమ్మా అని ఎగతాళి చేయడం మొదలైంది. ఆ తర్వాతి నైట్ డ్యూటీకి సిస్టర్ తాళంచెవి ఎదురింట్లో ఇచ్చింది. అది నా భార్య మా గడపలో నిలబడి చూసింది. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. మరునాడు నీళ్ళు వచ్చే వేళకు లేవలేదు. బిందె ఖాళీగానే ఉంది.

ఆ బిందె నేను తీసుకుని వెళ్ళి వరుసలో నిలబడ్డాను. మగవాడిని నేనొక్కణ్ణే. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన సిస్టర్ ముందు నిలబడి ఉంది. ఇంటామెకు జ్వరమా అని ఎవరో అడిగారు.

“జ్వరం లేదు. సిగ్గుతోని రాలేదు. ఆ సిగ్గు నాది,” అన్నాను. “సిస్టర్, చెట్టును మట్టిల పెట్టింది నేను. ఆమె వద్దని నా చెయ్యి పట్టుకున్నది. ఫోన్ల నీకు అబద్ధం చెప్పిన.”

నల్లా పారుతూనే ఉంది. “మొగోడు నల్లా కాడికొచ్చి తప్పు ఒప్పుకునుడు ఇయ్యాల్నే సూస్తున్న,” అంది వెనకున్న ముసలామె. ఇద్దరు ముగ్గురు నవ్వారు. సిస్టర్ నవ్వలేదు.

“నువ్వు నాకొక్కదానికి చెప్పినవ్ తమ్మీ. నేను గింతమందికి చెప్పిన. ఇగ చెల్లె దగ్గరికి ఏం మొహం పెట్టుకొని పోవాలె?”

అలా అంటూనే బిందె వరుసలో వదిలి మా ఇంటి వైపు నడిచింది. నేను రెండు బిందెలూ నింపాను. ఒకటి ఆమె గడప దగ్గర దించి, రెండోది మోసుకుని మా తలుపు దాకా వెళ్ళాను. లోపల ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి. కాసేపు సిస్టర్, కాసేపు నా భార్య. నేను లోపలికి పోలేదు. బిందె అక్కడే పెట్టి, ఎదురింటి తలుపు తట్టాను. ఆ ఇంటామె ఆ పొద్దున నల్లా దగ్గరికి రాలేదు. ఆమెకు కూడా చెప్పాను. తర్వాత ఆ పొద్దున నల్లా దగ్గర లేనివాళ్ళ ఇళ్ళు ఒక్కొక్కటీ తిరిగి, అవే మాటలు, ఏమీ తగ్గించకుండా చెబుతూ పోయాను.