దొర కారు ఇంజను అమ్మిన రోజు

నా చిన్నప్పుడు మా నల్లగొండ పల్లెలో కారు చప్పుడు వినిపిస్తే ఆడవాళ్ళు ఇళ్ళలోకి వెళ్ళిపోయేవారు, మగవాళ్ళు చెప్పులు చేతబట్టుకుని పక్కకు ఒదిగేవారు. ఆ కారు దొరది. దొరలకు ఎదురుతిరిగిన రైతుల సంఘం బలపడి గొడవలు ముదిరాక దొర పట్నం వెళ్ళిపోయాడు. పోలీసు యాక్షన్ తర్వాత కూడా తిరిగి రాలేదు. కోటలాంటి తన గడీలో మిగిలిన సామానును పాత ఇనుము కింద అమ్మించేశాడు. అందులో కారూ ఉంది. పైభాగమంతా ఎప్పుడో కాలిపోయింది, ఇంజను మాత్రం తుప్పుపట్టి మిగిలింది.

దాన్ని మా ఇంట్లోనే ఉండే మేనమామ కొన్నాడు. దొర దగ్గర కొన్నేళ్ళు కూలి లేకుండా ఆ కారు తుడిచి, నడిపినవాడు ఆయనే. కొనడానికి మా అత్త తన వెండి కడియాలు తీసి తాకట్టుకు ఇచ్చింది. చలికాలమంతా మామ ఇంజనును ముక్కలు ముక్కలుగా విప్పి, గ్యాసునూనెలో, అదే కిరసనాయిలులో కడిగి, అరిగిన భాగాలకు బదులు హైదరాబాదు పాత సామాన్ల బజారులో దొరికినవి తెచ్చి మళ్ళీ బిగించాడు. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక గ్యాసునూనె మీద నడిచేలా చేశాడు. అది మొదటిసారి గర్రున లేచిన రోజున మా అవ్వ వంటింట్లోకి పరుగెత్తి తలుపు వేసుకుంది. "అమ్మో, దొర మళ్ళొచ్చిండు!" అని లోపలి నుంచి ఆమె అరుస్తుంటే మేం బయట పడీపడీ నవ్వాం.

మోత్కూరులో వడ్లు ఆడించే బియ్యం గిర్ని పెట్టాలనుకుంటున్న ఒక షావుకారు ఈ ఇంజను సంగతి విని, చూడటానికి వస్తానని కబురు పంపాడు. ఇక మా అత్త హడావుడి చూడాలి. ఇంజనును గుడ్డపెట్టి తుడిచిందే తుడిచింది. పసుపు, కుంకుమ పెట్టి, పిల్లలెవరూ దగ్గరికి రాకుండా చుట్టూ ముళ్ళకంప వేసింది. అది అమ్ముడుపోతేనే ఆమె కాళ్ళకు కడియాలు తిరిగొచ్చేది.

షావుకారు రావలసిన రోజు పొద్దున్నే పక్కింటి పెద్దమ్మ మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. భర్త లేని మనిషి. ఆమె ఎడ్లలో ఒకటి చచ్చిపోయి, బావి నీళ్ళు తోడే మోట ఆగిపోయింది. యాసంగి వరి పొట్టమీద ఉంది. బావిలో నీళ్ళున్నాయి గాని తోడే దారి లేదు. ఊళ్ళో ఎవరి ఎడ్లు వాళ్ళ మోటలకే చాలడం లేదు. మామ అంతా విని లేచాడు. గడీ తోటలో పాడుపడిన నీళ్ళపంపు కూడా ఆ పాత ఇనుముతోనే మా ఇంటికి వచ్చింది, దాన్నీ మామ బాగుచేసి ఉంచాడు. వాడకట్టు మగవాళ్ళను పిలిచి బావి దాకా మోసుకెళ్ళడానికి ఇంజనును దూలాలకు కట్టించాడు.

అత్త అడ్డం నిలబడింది. "ఎంత మంచిగ తోమిపెట్టిన! గా బురదల వెడితే షావుకారు మొకం జూస్తడా?"

"షావుకారు రేపన్న కొంటడు. పైరు రేపటిదాంక ఆగుతదా, నువ్వే చెప్పు" అన్నాడు మామ.

అత్త పెద్దమ్మ ముఖం చూసింది. వెళ్ళి ముళ్ళకంప పక్కకు లాగింది.

బావిగడ్డ మీద ఇంజను మొదలవగానే ఊరంతా అక్కడే. పంపులోంచి నీళ్ళు దూకుతుంటే పిల్లలం వాటి కింద దూరాం. మా అవ్వ కూడా వచ్చి కాళ్ళు తడుపుకుంది. సగం మడి తడిసిందో లేదో, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే షావుకారు బండి దిగాడు.

ఇంజను నిండా బురద. మామ ఒంటి నిండా మసి. షావుకారు కండువా దులుపుకుని, "నడువనిదాన్ని జూపెట్టనీకి పిలిచిండ్రా?" అన్నాడు. అత్త ముఖం వాడిపోయింది.

"గ్యాసునూనె అయిపోయింది షావుకారీ, గంతే" అన్నాడు మామ.

ఆ రోజుల్లో గ్యాసునూనె కోటా మీద ఇచ్చేవారు. ఇంటింటికీ దీపానికి సరిపడా మాత్రమే దొరికేది. అవ్వ గబగబా ఇంటికి నడిచి మా దీపపు బుడ్డి పట్టుకొచ్చింది. ఆమెను చూసి మరో ఇల్లాలు, ఆ వెనుక ఇంకొకరు. సీసాలు, బుడ్డీలు, లాంతర్లు వరసగా వచ్చాయి. మామ అన్నీ వంచి పోసుకుని తిప్పాడు. ఇంజను లేచింది.

షావుకారు పంచె పైకి దోపి గట్టు మీద గొంతుక్కూర్చుని ఇంజను చప్పుడు చాలాసేపు విన్నాడు. లేచి, "పట్నంల తళతళ మెరిసేదొకటి జూసిన, ఇంటికి తెస్తే మూడునాళ్ళు నడువలే. గిది పనిజేస్తుంటే జూసిన. తీస్కుంట. బండికెత్తుండ్రి" అన్నాడు.

"మడి తడిసినంక" అన్నాడు మామ.

"బండి కిరాయిది నాయినా! చీకటైతది."

"పెద్దమ్మ మడి తడిసినంకనే."

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. షావుకారు మామ వైపు చూశాడు, గట్టు మీద ఖాళీ బుడ్డీలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూశాడు. ఒక్కసారిగా నవ్వి, బండివాడికి కేక వేశాడు. "ఎడ్లనిప్పురా! జర అన్నం బెడ్తరా లేదా, అమ్మా?"

అత్త పెట్టక ఏం చేస్తుంది? దీపాలు లేవు కనుక ఊరంతా ఆ సాయంత్రం వెలుగుండగానే తినేసింది. షావుకారు మా అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె, పుంటికూర అడిగి అడిగి తిన్నాడు. మర్నాడు తడిసిన మడి చూసుకునే ఇంజనును ఎక్కించుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకు అత్తకు కడియాలు వచ్చాయి. పెద్దమ్మ కొత్త బియ్యం తెచ్చి మొదట ఆమె ఒడిలోనే పోసింది.

మామ ఆ రోజు నాకు ఏమీ బోధించలేదు. కానీ పెళ్ళయి వచ్చాక నాకు కుట్టుమిషను కొన్నప్పుడు, దానికి గుడ్డ కప్పి దాచుకోవాలని ఎన్నడూ అనిపించలేదు. వాడలో ఆడపిల్లలెందరో దాని మీదే కుట్టు నేర్చుకున్నారు. సూదులు విరిగాయి, రంగు పోయింది. కోడలు అప్పుడప్పుడు విసుక్కుంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. వస్తువు మాసిపోతుందన్న దిగులు నాకు ఆ బావిగడ్డ మీదే పోయింది.