స్టెతస్కోపుకి ముందు

జెర్సీ సిటీలో గుండె డాక్టరుగా హైమవతిగారికి ముప్పై ఏళ్ల అనుభవం. అయినా ఆవిడ చెయ్యి ముందు గుండె మీదికి వెళ్లదు. అరచేతులు రుద్ది వెచ్చచేసుకుని, "సాక్స్ తియ్యి నాయనా" అంటుంది. కాలివేళ్ల సందుల నుంచి చెవుల వెనక దాకా చర్మమంతా చూశాకే స్టెతస్కోపు అందుకుంటుంది. జూనియర్లు గడియారం చూసుకుంటూ నిలబడతారు. ఆవిడకి తొందరుండదు.

మొన్న జూన్‌లో తేజస్ అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయాడు. పల్స్ ముప్పై ఐదు. జీవితాంతం ఉండే పేస్‌మేకర్ పెట్టాలని జూనియర్లు కాగితాలు సిద్ధం చేశారు. హైమవతిగారు కాళ్ల మీది దుప్పటి తొలగించబోతే కుర్రాడి తల్లి అడ్డుపడింది. "అక్కడేం లేదండీ, తామర. ఇండియా నుంచి తెచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తున్నాం."

"చూడనివ్వమ్మా."

మోకాలి వెనక అరచెయ్యంత ఎర్రటి వలయం, దాని మధ్యలో మరో మచ్చ.

"దురదుందా?"

"లేదు ఆంటీ."

"అడవిలోకేమైనా వెళ్లావా?"

"లాస్ట్ మంత్ హైకింగ్‌కి వెళ్లాను."

"ఇది తామర కాదమ్మా. గడ్డిలో ఉండే టిక్ అనే చిన్న పురుగు కుట్టింది. ఆ ఇన్ఫెక్షనే గుండెదాకా పాకింది. యాంటీబయాటిక్ ఎక్కిద్దాం, పేస్‌మేకర్ సంగతి తర్వాత."

రక్తపరీక్ష కూడా ఆ మాటే చెప్పింది. పదో రోజుకి పల్స్ డెబ్బై దాటింది. ఇంటికెళ్లేముందు తల్లి కన్నీళ్లతో దణ్ణం పెట్టింది. హైమవతిగారు ఆ చేతులు పట్టుకుని, వెలుతురులోకి తిప్పి, పది గోళ్లూ ఒక్కొక్కటే చూసింది.

"మీరు బానే ఉన్నారు" అని పక్క గదిలోకి వెళ్లిపోయింది.