ఒక కైలీకి కొన్న డర్బను

మా గుడియాత్తం బజారులో నన్ను మించిన బేరగాడు లేడని ఇరవై ఏళ్ళకే నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం సముద్రం దాటి డర్బను రేవు దాకా వెళ్ళి, అక్కడి దొర చేత గెంటించుకుని, వెళ్ళిన ఓడలోనే తిరిగొచ్చింది. దాని వెంట నేనూ వచ్చాను. ఎలా వచ్చానో చెబుతాను. కడుపారా నవ్వుకోండి గాని, మా అంగడికి గుడ్డలు కొనడానికి వచ్చినప్పుడు మాత్రం ఈ మాట ఎత్తకండి.

మా నాయన అంగట్లో రాబడి చూసుకుని నన్ను వేలూరు మిషన్ బడిలో చదివించాడు. ఇంగ్లీషులో అర్జీ రాసేంత చదువు అబ్బింది, దొరల నోటి ఇంగ్లీషు మాత్రం నా చెవికి ఎక్కదు. ఆ చదువును మూటల మీద చిరునామాలు రాయడానికి తప్ప నేను దేనికీ వాడలేదు.

డర్బనులో మనవాళ్ళు అంగళ్ళు పెట్టి బాగుపడ్డారని విన్నాక నాకు అన్నం సహించలేదు. నేనూ అక్కడ అంగడి పెట్టాలి, గుడియాత్తం కైలీలు, అదే మా గళ్ళ లుంగీలు, అమ్మాలి, అమ్మి తీరాలి. అయితే కొత్తవాళ్ళను దిగనివ్వడం లేదని, ముందు అక్కడ కాపురమున్నవాళ్ళనే రానిస్తున్నారని బజారులో చెప్పుకున్నారు. దానికేముంది, ముందే ఉన్నానని చెబితే సరి. అంగట్లో కొలకర్ర తర్వాత నా చేతికి అంత అలవాటైన వస్తువు అబద్ధమే.

కానీ చూడని ఊళ్ళో ఉన్నానని చెప్పాలంటే, చూసినవాడు నేర్పాలి. వేలూరు కోట అగడ్త దగ్గర మునుసామినాయుడని ఒకాయన ఉండేవాడు. చాలాకాలం డర్బనులో ఉండి తిరిగొచ్చినవాడు. వెళ్ళి సంగతి చెప్పాను.

"ఊరంతా నేర్పిస్తా నాయనా," అన్నాడు. "రెండు కైలీలు ఇయ్యి."

మా అంగళ్ళవాళ్ళం పెద్ద బేరాలు నోటితో ఆడం. తుండుగుడ్డ కింద చేతులు దూర్చి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ఆడతాం. పైకి మాత్రం వానల గురించి మాట్లాడుకుంటాం. తుండు పరిచాను. నాయుడు రెండు వేళ్ళు నిలబెట్టాడు. ఒకటి మడిచాను. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ మడిచాను. ఆ వేలు విరుగుతుందేమోనని భయం పుట్టి ఆయనే దిగాడు.

"సరే అప్పా. ఒక కైలీకి ఎంత వస్తాదో అంతే చెప్తా. తర్వాత నన్ను అనొద్దు."

రేవు నుంచి మార్కెట్టు దాకా చెప్పాడు. వీధులు, మలుపులు, మసీదు, ఏ మూల ఏ వాసన వస్తుందో అదీ చెప్పాడు. మార్కెట్టు గుమ్మంలో ఆగిపోయాడు.

"కైలీ అయిపోయింది," అన్నాడు. "ఇంకా ముఖ్యమైంది ఒకటి ఉండాది. రెండోది కూడా ఇచ్చి వినిపో."

"వద్దులే అన్నా, మిగతాది దిగినాక నేనే చూసుకుంటా."

సగం వెలకే డర్బనును కొట్టేశానన్న సంబరంతో కాట్పాడిలో రైలెక్కాను.

ఓడలో నేను తిన్నది తక్కువ, సముద్రానికి ఇచ్చుకున్నది ఎక్కువ. పాఠం మాత్రం లోపలే నిలిచింది. డర్బను రేవులో బల్ల వెనుక తెల్లదొర, పక్కన దుబాసీ. ఆ దుబాసీ మన వేలూరు పక్క నెమిలి ఊరి మనిషి. ఆ యాస వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ముందు ఈడ ఉండినావా?"

"నాలుగేండ్లు. పెండ్లికని ఊరికి పోయినా."

"రేవు నుంచి మార్కెట్టుకు యెట్ల పోతావు?"

గడగడా అప్పజెప్పాను. దొర తల పంకించాడు.

"మార్కెట్టు నుంచి ఇంటికి?"

నా డర్బను అక్కడితో అయిపోయింది.

"ఇంటికి పోయేది లేదన్నా. పని జాస్తి."

"మరి పండుకునింది యాడ?"

"మార్కెట్లో."

"నీళ్ళు పోసుకునింది?"

"మార్కెట్లోనే."

దుబాసీ తర్జుమా చేశాడు. దొర కలం కింద పెట్టి ఏదో అన్నాడు.

"నువ్వు మనిషివా, కూరగాయవా అని అడగతా ఉండాడప్పా," అన్నాడు దుబాసీ. "అబద్ధం చెప్పి దిగబోయినావని ఎనక్కి పంపేస్తాడంట."

అంతదూరం వచ్చిన అంగడివాడు ఒక్క మాటకు లేచిపోతాడా? భుజం మీది తుండు తీసి దొర చేతి మీద పరిచాను. కింద ఆయన వేళ్ళు పట్టుకున్నాను. ఏడాది ఉండనిమ్మని ఒక వేలు నొక్కాను. దొర చెయ్యి లాక్కోబోయాడు. బేరం ఇంకా తెగలేదనుకుని, ఆరు నెలలకు దిగి సగం వేలు నొక్కాను. కుర్చీ వెల్లకిలా పడింది, దొరతో సహా.

"ఆయన చెయ్యి ఎందుకు పట్టుకున్నావప్పా?"

"బేరానికి."

"ఆ చెయ్యి వాళ్ళ దొరసాని కూడా అడక్కుండా పట్టుకోదప్పా."

దొర లేచి దులుపుకుని, నన్ను పంపేసే కాగితం రాసి, వేలిముద్ర వెయ్యమని ముందుకు తోశాడు. చదవకుండా వేలిముద్ర వేసే ఇల్లు కాదు మాది. పైనుంచి కింది దాకా ఇంగ్లీషులో గట్టిగా చదివాను. అడుగున తోకలు తిప్పి ఇంగ్లీషులోనే సంతకం చేశాను. దొర నన్ను చూశాడు, సంతకం చూశాడు. దుబాసీ తల పట్టుకున్నాడు.

"నీకు ఇంగ్లీషు రాయను వస్తాదా?"

"శుభ్రంగా."

"కర్మరా దేవుడా. ఇంగ్లీషులో అర్జీ రాసిచ్చేవాణ్ణి కొత్తోడైనా దిగనిస్తారప్పా. అదే చట్టం. నిజం చెప్పి నాలుగు ముక్కలు రాసింటే, ఈపాటికి అంగడికి ఇల్లు చూసుకుంటా ఉంటావు."

"అయితే ఇప్పుడు రాస్తా. కాగితం ఇమ్మను."

దుబాసీ దొరనడిగి నా వైపు తిరిగాడు. "చెల్లదంట. దిగే యోగ్యత ఉన్నోడైనా మోసం చేసి దొరికితే పోవాల్సిందేనంట. మళ్ళీ వచ్చినా దిగనియ్యడంట."

"ఎన్నాళ్ళ దాకా అడుగన్నా..."

"తుండు తియ్యొద్దప్పా," అన్నాడు దుబాసీ.

కాట్పాడిలో దిగి ఇంటికైనా పోకుండా అగడ్త దగ్గరికి వెళ్ళాను. మునుసామినాయుడు నా కైలీ కట్టుకుని కులాసాగా కూర్చుని ఉన్నాడు.

"ఇంగ్లీషు వచ్చినోడికి అబద్ధమే అక్కర్లేదని నీకు తెలుసునా అన్నా?"

"తెలుసును."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నాయుడు కైలీ ముడి సవరించుకున్నాడు. "చెప్దామనే కూర్చుంటి నాయనా. అది రెండో కైలీలో ఉండె."

ఆ పూటే మా అంగడి కొలకర్ర మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో చూడని ఊళ్ళో కాపురమున్నానని చెప్పను. దొరల చేతుల మీద తుండు పరచను. తెలిసినవాడు చెప్పే మాటకు వెల తగ్గించను. ప్రమాణానికి సాక్షిగా వచ్చిన నాయుడు, సాక్ష్యానికి ఒక కైలీ అడిగాడు. నా చెయ్యి దానంతటదే తుండు వైపు వెళ్ళింది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, నోటితోనే సరేనన్నాను.