ఆరని మంచాలు

మా చిన్నాయన రాజనర్సయ్య లెక్కలో ఈ లోకంలో ఏ రంగూ ఇంతవరకు ఆరలేదు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ కట్టి ఏళ్లయింది కదా. ఈయన నేటికీ అక్కడి మెట్ల పక్క కమ్మీ పట్టుకోడు. వేలి వెనకభాగంతో ఒకసారి తాకి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతాడు. పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర గోడకానుకుని ఫోన్లో మునిగిపోయిన కుర్రాడు కనబడితే ఇక ముందుకు కదలడు.

"తమ్మీ, జర గోడ ఇడిసిపెట్టు. ఇంక ఆరలే."

"రంగేసి రెండేండ్లయింది తాతా!"

"గదే చెప్తున్న. రెండేండ్లకే ఆరతదా?"

కుర్రాడు చచ్చినట్టు గోడ వదిలి, తన చొక్కా వీపు తడుముకుంటూ పోతాడు.

దీనికో కథ ఉంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు గానీ, సిరిసిల్లలో నలభై ఏళ్లు నూలుకు రంగులద్దిన మనిషి ఈయన. ఒకే ఒకసారి తొందరపడి సగం ఆరిన నూలు మగ్గానికి ఇచ్చాడట. ఆ చీర కట్టుకున్న పెళ్లికూతురు తాళి కట్టే వేళకు మోచేతుల దాకా నీలమైపోయింది. పెళ్లికొడుకు రెండడుగులు వెనక్కి వేశాడని చెప్పి, కళ్లనీళ్లొచ్చేలా తనే నవ్వుతాడు. అప్పటి నుంచి భుజం మీద తెల్ల తువ్వాలు దిగలేదు. దేనికి రంగేసినా దాని కొసతో రుద్ది చూస్తాడు. మరక అంటకపోతే ఆరినట్టు. అంటకపోయినా ఒప్పుకోడనుకోండి, అది వేరే సంగతి.

ఇలాంటి మనిషి చేతికి నేను మంచాలు అప్పగించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నా మొదటి భార్య పోయి నాలుగేళ్లయింది. నేనూ సుకన్యా ఆ మధ్యే రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. నాకు తొమ్మిదేళ్ల రవళి, ఆమెకు ఏడేళ్ల మానస. అమీర్‌పేటలో మాది చిన్న ఇల్లు కాబట్టి పిల్లలిద్దరూ ఒకే గదిలో సర్దుకోవాలి. గది సిద్ధమయ్యేదాకా తల్లీకూతుళ్లు బోరబండలోనే ఉండాలనీ, ఆ తర్వాత అందరం ఒక్కచోట చేరాలనీ అనుకున్నాం. "సరేనా రవళీ?" అంటే "సరే" అంది. ఆ సాయంత్రమే సుద్దముక్కతో గది మధ్యన ఈ గోడ నుంచి ఆ గోడకు గీత గీసేసింది. పిల్లచేష్టలే అనుకుని నవ్వేశాను.

ఎర్రగడ్డ సంతలో రెండు పాత చెక్క మంచాలు దొరికాయి. ఒకదానికి కోడు వంకర, ఒకదాని మీద ఎవరో పిల్లాడు పెన్నుతో రెండో ఎక్కం ఎక్కించి ఉన్నాడు. డాబా మీదికి చేర్చాం. తాతా మనవరాలూ గరుకు కాగితంతో రెండ్రోజులు రుద్దారు. ఇద్దరి కనుబొమలూ పొట్టు రంగుకు వచ్చాయి.

"ఏం రంగు బిడ్డా?"

"రెండిట్కీ నీలమే. రూమ్ నాది, రంగు సుత నాదే."

నీలమే వేశారు. వాన వెలిసిన ఆకాశంలాంటి నీలం. చూస్తే నాకే పడుకోవాలనిపించింది. కూర్చోబోయాను.

"అగో అగో! రాఘవా! ఇంక ఆరలే!"

మొదటి ఆదివారం సుకన్య మానసను తీసుకొచ్చింది. ఆ పిల్ల మంచాల్ని దూరం నుంచే చూసి, గొంతు బయటికి రానీకుండా అడిగింది. "నాది చిలకపచ్చ ఉంటదా?"

"ఉండదు," అంది రవళి.

"ఇంక ఆరలే గద, ఆరినంక చూద్దాం," అన్నాడు చిన్నాయన. "ఇగ ఇనుండ్రి. రంగు ఆరెదాక కావలి ఉండాలె. ఒక్కరితోని కాదు. ఒక దిక్కు కాకి, ఒక దిక్కు దుమ్ము. ఇద్దరు కావాలె."

రెండు మంచాల మధ్య చాప పరిచాడు. పిల్లలిద్దరూ చాపకు చెరో కొసన, ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చున్నారు. ఆ వేళ కాకి వచ్చిన పాపాన పోలేదు.

రెండో ఆదివారానికి వీపులు భుజాలయ్యాయి. డాబా మీద మధ్యాహ్నం ఎంతకీ కదిలేది కాదు. మబ్బులు బేగంపేట వైపు తీరిగ్గా సాగిపోయేవి. దూరంగా మెట్రో రైలు ఇళ్ల పైనుంచి ఈదుకుంటూ పోయేది. రంగు తొట్టిలోంచి తీసిన నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, వెదురు గడల మీద ఎలా వేలాడేవో, వాటి కింద నడిస్తే మొహం మీద నీడ కూడా నీలంగా ఎలా పడేదో చిన్నాయన చెబుతుండేవాడు. వింటూ వింటూ పిల్లలు నిద్రలోకి జారేవారు. కింద కోచింగ్ సెంటర్ల గోల ఎవరి ఊళ్లోనో జరుగుతున్నట్టుండేది. ఇంకా ఆరలేదా అని కోపంగా పైకెక్కిన నాకు కూడా ఆవలింత వచ్చేది.

కానీ సుకన్య ఫోన్లో రోజూ అడుగుతోంది. "ఆరినయా?" ఆఫీసులో మా మేనేజరు కూడా గడువు గురించి నన్నిన్నిసార్లు అడగలేదు. మూడో ఆదివారం ఓపిక నశించింది. డాబా ఎక్కి, జేబురుమాలు తీసి, మంచం కోడును కసిదీరా రుద్దాను. ఒక్క చుక్క అంటలేదు.

"చిన్నాయనా! ఇది ఎన్నడో ఆరింది!"

"మెల్లగ మాట్లాడు," అన్నాడు. "రెండో దినమే ఆరింది."

"మరి గిన్ని రోజులు ఎందుకు చెప్పలే? అక్కడ సుకన్యకు నేనేం జవాబు చెప్పాలె?"

"మంచం ఆరితే ఏమాయె? రూమ్‌ల గీత చూసినవా? రోజూ పొద్దుగాల ఇల్లు ఊడుస్తం, గీత పోతది. బడి నుంచి రాంగనె పోరి మళ్ల గీస్తది. తొందరపడి తెచ్చి పండబెడ్తే ఆ చిన్నపిల్ల గీతకవతల ఎట్ల పండుతది?" తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. "నిన్న గీయలే."

ఒకే ఇంట్లో ఉండి, ఆ గీత చెరిగి మళ్లీ మళ్లీ పుడుతోందని నేను గమనించనే లేదు. సిగ్గేసింది.

అప్పుడు చూశాను, మంచాల అవతల చాప మీద పిల్లలిద్దరూ బోర్లా పడుకుని ఉన్నారు. మధ్యన చిన్న రంగు డబ్బా. ముందురోజు తాతను పంజాగుట్ట దాకా నడిపించి రవళే కొనిపించిందట. మానస కుంచె పట్టుకుంటే, రవళి ఆ చేతిని పట్టుకుని మంచం తలాపున చిలకను దిద్దిస్తోంది. అది చిలకో బెండకాయో చెప్పడం కష్టం. పచ్చగా మాత్రం ఉంది.

"డాడీ," అంది రవళి తల తిప్పకుండా, "ఇయ్యాల మానసను పంపకు."

"ఇంక ఆరలే బిడ్డా," అన్నాడు చిన్నాయన, ఎంతో గంభీరంగా.

"చిలక ఆరలే. మంచం ఆరింది తాతా!" ఆయన భుజం మీది తువ్వాలు లాగి, కోడు మీద బరబరా రుద్ది, ఆ తెల్లటి కొసను ఆయన ముక్కుకు ఆనించింది. చిన్నాయన కళ్లజోడు సవరించుకుని, దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, పెద్దగా నిట్టూర్చాడు.

"సరే. నువ్వంటున్నవ్ కాబట్టి."

నాతో గుసగుసగా అన్నది పక్కన పెడితే, జీవితంలో ఒక రంగు ఆరిందని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. సుకన్యకు ఫోన్ చేసి, బట్టలు సర్దుకొని వచ్చేయమన్నాను.

ఇప్పుడు చిన్నాయనతో కలిపి ఐదుగురం ఒక్కచోటే ఉన్నాం. రవళి తన జడ వేసే పని సుకన్యకు అప్పగించేసింది. మానస మాత్రం నన్నింకా "అంకుల్" అనే పిలుస్తోంది, నాతో మాట్లాడాల్సి వస్తే తలుపు చాటు నుంచి మాట్లాడుతోంది. నిన్న చిన్నాయన ఎక్కడినుంచో రెండు పాత కుర్చీలు మోసుకొచ్చాడు. ఒకటి నాకు సరిపోయేది, ఒకటి మానసకు సరిపోయేది. ఇవాళ పొద్దున్నే డాబా మీద రెండింటికీ రంగు పూసేసి, మధ్యన చాప పరిచి, మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, తను టీ తాగడానికి కిందికి పోయాడు.

ఇప్పుడే మెట్రో పోయింది. కాకి ఇంకా రాలేదు. చాప అటు కొసన మానస, ఇటు కొసన నేను.

"అంకుల్," అంది మానస, కాసేపటికి నా వైపు కొంచెం జరిగి, "ఇది ఎప్పుడు ఆరతది?"

"ఇప్పట్ల ఆరది బిడ్డా," అన్నాను.