రూపాయి కోసం ఎవ్వరు వంగరని నిరూపించబోతే

మొన్న యూనివర్సిటీల ఒక మేడమ్ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద మోకాళ్ళేసి, ఎండుటాకులు తీసి తీసి ఏదో దేవులాడే వీడియో మీ ఫోన్లకు కూడ వచ్చే ఉంటది. ముఖం సక్కగ కనవడలేదు గాని, గా ఆకుపచ్చ చున్నీ నాదే. నవ్వుకోండ్రి. నవ్వుకున్నంక వినుండ్రి.

నా పీహెచ్‌డీ సంగతి మీకు తెలుసు కదా. రూపాయి బిళ్ళ తయారు చేసుడు బంద్ పెట్టాలె అని నా వాదన. చట్టంల యాభై పైసలు ఇంకా బతికే ఉన్నది గాని, దుకాణానికి తీస్కపోతే నవ్వుతరు. చేతిల నడిచే వాటిల చిన్నది రూపాయే. గది మాత్రం ఇప్పుడు ఎవరికి గావాలె? చాయ్ బండి కాడ స్కానర్, కూరగాయల కాడ స్కానర్. చేసుడు ఖర్చు, మోసుడు బరువు. ఇదంత చెప్పి ప్రొఫెసర్లను ఒప్పించే సెమినార్ మొన్ననే ఉండె. గది పాసయితేనే థీసిస్ ఇచ్చేది.

స్లైడ్లు ఉన్నయి, లెక్కలు ఉన్నయి, గాని అందరు ఆవులిస్తరేమో అని భయం. పొద్దున తల దువ్వుకుంటుంటే ఒక ఐడియా వచ్చింది. డిపార్ట్‌మెంట్ మెట్ల మీద ఒక రూపాయి వేస్త. సెమినార్ అయినంక అందర్ని బయటికి తోల్కపోయి చూపిస్త. చూడుండ్రి సార్, ఇంతమంది తిరిగిండ్రు, ఒక్కరన్న వంగి తీసిండ్రా అని అడుగుత. ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటది?

గాని రూపాయి ఏది? వారాసిగూడల మా ఇల్లంత దేవులాడిన. నా పర్సుల లేదు, మా ఆయన జేబుల లేదు, పోపుల డబ్బల లేదు. ఆఖరికి దేవుని పళ్ళెంల ఒకటి కనవడ్డది, పసుపు పూసి ఉన్నది. హారతిల వేసినదేమో అనుకున్న. చున్నీతోని తుడిచి బ్యాగుల వేసుకున్న. అత్తమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తున్నది. ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోతుండె? అడగలే. బస్సు పోతదని ఫికర్.

క్యాంపస్‌కు పోంగనే మెట్ల నడిమిట్ల, అందరికి కనవడేటట్టు బిళ్ళ పెట్టి లోపలికి పోయిన.

సెమినార్ మంచిగనే మొదలయింది. మా గైడ్ సార్ జర లేటుగ వచ్చి ముందు వరుసల కూసున్నడు. నేనింకా మొదటి స్లైడ్ల కాడనే ఉన్న, ఫోన్ గుర్రుమన్నది. అత్తమ్మ. కట్ చేసిన. మల్ల అత్తమ్మ. మల్ల కట్ చేసిన. అప్పుడు మా ఆయన శ్రీను మెసేజ్ వచ్చింది. "దేవుని పళ్ళెంల రూపాయి నువ్వు తీసినవా? గది కవిత ముడుపు. నొప్పులు మొదలైనయి, తార్నాక దవాఖానకు పోతున్నం. అమ్మ ఏడుస్తున్నది."

కవిత మా ఆడబిడ్డ. తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. కాన్పు సక్కగ అయితే ఎల్లమ్మ తల్లికి ఇచ్చుకుంటనని అత్తమ్మ మొక్కింది. రూపాయికి పసుపు రాసి పళ్ళెంల పెట్టి, దాన్ని ముడుపు కట్టేందుకు పసుపు బట్టను డాబా మీద ఆరేసింది. నేనేమో గా బిళ్ళను తెచ్చి నలుగురు తొక్కే మెట్ల మీద పడేసిన.

నాకు ముడుపుల మీద పెద్ద నమ్మకం ఏం లేదు. అయినా, కవితకు ఏమన్న అయితే? అత్తమ్మ నన్ను తిట్టదు. ఏమనకుండ ఊకెనే చూస్తది, గది నాతోని కాదు. నోటితోని "ఈ బిళ్ళకు ఎవ్వరి దగ్గర విలువ లేదు" అంటున్న, మనసుల "ఎవ్వరు ముట్టొద్దు తల్లీ" అని మొక్కుతున్న. నా వాదన నిజం కావాలని అంత గట్టిగ ఎన్నడు కోరుకోలే.

సగం స్లైడ్లు చదవకుండనే దాటేసిన. వేరే యూనివర్సిటీ నుంచి పరీక్షించనీకి వచ్చిన పెద్ద మేడమ్ కండ్లద్దాలు తీసి, "ఎందుకమ్మా అంత తొందర?" అని అడిగింది.

"బయట ఒక ఎక్స్‌పరిమెంట్ పెట్టిన మేడమ్. రూపాయి మెట్ల మీద ఉన్నది, ఎవ్వరు తీయలే, వచ్చి చూడుండ్రి," అని చెప్పి ఉరికిన. అందరు నా ఎనక వచ్చిండ్రు.

మెట్ల మీద బిళ్ళ లేదు.

"అంటే ఎవరో వంగారన్నమాటే కదమ్మా," అన్నది పెద్ద మేడమ్. అందరు నవ్విండ్రు. నాకు నవ్వెక్కడిది. మోకాళ్ళ మీద కూలవడి ఆకుల కింద, పూలకుండీల ఎనక దేవులాడుడు మొదలు పెట్టిన. "ఒక్క రూపాయే కదా మేడమ్, నంబర్ చెప్పుండ్రి, ఫోన్ల వేస్త," అన్నది ఒక స్టూడెంట్. "గా రూపాయే గావాలె," అని అరిచిన. ఏడుపొచ్చింది, దాచుకోలే. వీడియో గప్పుడే తీసినట్టున్నరు.

గైడ్ సార్ మెల్లగ నా పక్కకు వచ్చిండు. "లే అమ్మా స్వరూపా," అని జేబుల చెయ్యి పెట్టి బిళ్ళ తీసిండు. అంచుకు పసుపు ఇంకా ఉన్నది. "లోపలికి వస్తుంటే కనవడ్డది. లక్ష్మి కాళ్ళ కింద ఉంటే దాటబుద్ధి కాలే. కండ్లకద్దుకొని జేబుల వేసుకున్న. నీ ఎక్స్‌పరిమెంట్ అని నాకేమెరుక?"

రూపాయి బంద్ కావాలని నాకంటె ముందు నుంచి రాస్తున్న మనిషి గాయన. పెద్ద మేడమ్ గోడకు ఆనుకొని నవ్వుతున్నది. నేను బిళ్ళ గుంజుకొని, థాంక్స్ కూడ చెప్పకుండ ఆటో ఎక్కిన. తార్నాక సిగ్నల్ కాడ ఆగినంతసేపు పిడికిలి ఇప్పలే.

దవాఖానల అత్తమ్మ బెంచి మీద కూసొని చాయ్ తాగుతున్నది. ఆమె ముందట కూలవడి, "తప్పయింది అత్తమ్మా, ముడుపు రూపాయి తెచ్చిన," అన్న.

"అయ్యో పిచ్చిదానా, గిట్ల ఉరికొచ్చినవా?" అని కొంగుల నుంచి పసుపు మూట తీసి చూపించింది. "నువ్వు ఫోన్ ఎత్తలే. గల్లీల ఇల్లిల్లు తిరిగిన, ఒక్కరి దగ్గర రూపాయి బిళ్ళ లేదు బిడ్డా. ఇగ ఐదు రూపాయలది కట్టిన. తల్లి ఏమనుకుంటది? ఎక్కువనే ఇస్తున్న కదా."

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ ఇద్దరు మంచిగున్నరని నర్సు చెప్పినంకనే నాకు ఊపిరాడింది. అంతల గైడ్ సార్ ఫోన్ చేసిండు. సెమినార్ పాస్ కాలేదట. జనం రూపాయిని ఎందుకు వదులుకోరో ఒక చాప్టర్ రాసి, మల్ల రమ్మన్నరట. మనవరాలిని ఒళ్ళె పెట్టుకొని అత్తమ్మ గదంత విన్నది.

"ఎందుకు రాయాలె? నువ్వు చెప్పిందే కరెక్టు బిడ్డా. అవసరానికి దొరకని బిళ్ళ ఉంటే ఎంత, లేకుంటే ఎంత. బంద్ పెట్టమని గట్టిగ రాయి," అన్నది.

ఇప్పుడు పరిస్థితి ఏందంటే, రూపాయి బంద్ కావాలని నమ్మేది మా అత్తమ్మ ఒక్కతే. సార్‌కు లేదు, నాకు లేదు. ఆమెకు చదువొస్తే థీసిస్ ఆమె పేరు మీదనే ఇచ్చేద్దును.