అక్క కోసం బాత్‌రూమ్

గుడివాడలో ఒక్కతే ఉంటున్న మా అక్క, బందరులో ఒంటికాయ సొంఠికొమ్ములా ఉన్న నా దగ్గరికి వచ్చేస్తానంది. షరతు ఒక్కటే. దొడ్లో ఉన్న బాత్‌రూమ్ పడగ్గదిని ఆనుకుని ఉండాలి. మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడవలేదు పాపం. ఇన్నాళ్లకి ఇంట్లో రెండో గొంతు వినిపిస్తుందని పొంగిపోయాను.

సెప్టిక్ ట్యాంకు పెరట్లో ఆ చివర, అక్క గది వీధి వైపు. ఇటు కొత్త ట్యాంకుకి చోటు లేదు. అంత పొడుగు పైపుకి వాలు కావాలి. ఈ ఊళ్లో గునపం దింపితే నీళ్లే తగులుతాయి, పైపు లోతుగా వేయలేం. వానాకాలం మురుగు ఎదురు తన్నడం నేను చూడనిదా? మా వైపు ఏం కట్టినా ముందు మట్టి తోలించి మెరక చేస్తాం.

"ఎంత ఎత్తు చేయమంటారండీ?" అన్నాడు ప్లంబరు.

"మళ్లీ ఎదురు తన్నకూడదు. అంతే."

వాసన లోపలికి రాకుండా ఎయిర్ పైపుని డాబా పిట్టగోడ దాటించాను. అతను అక్కర్లేని మలుపు ఒకటి వేస్తే ఊడదీయించాను. జారని టైల్స్, పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు. బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించి చూస్తే చుక్క నిలవలేదు. ఎంత గర్వపడ్డానో!

అక్క సంచీతో దిగింది. దిగీ దిగగానే బాత్‌రూమ్ తలుపు తీసి చూపించాను. ఆవిడ లోపలికి చూడలేదు. గడప దగ్గరే ఆగి కిందికి చూసింది. గది నేల కంటే బాత్‌రూమ్ నేల మోకాలెత్తున ఉంది.

"ఇది ఎక్కాలా?"

"మధ్యలో మెట్టు కట్టిస్తాను. నేను చెయ్యి పట్టుకుంటాగా."

కడ్డీ పట్టుకుని ఒక కాలు ఎత్తబోయి, మొహం ముడుచుకుని దించేసింది. వెంటనే ప్లంబరుకి ఫోన్ చేశాను. తగ్గిస్తే వాలు పోద్దండీ, నీళ్లు నిలిచిపోతాయి అన్నాడు.

"పోనీ, గది కూడా మెరక చేయిస్తానే."

"అప్పుడు గదిలోకి ఎక్కాలిగా" అని నవ్వింది అక్క. నాకు నవ్వు రాలేదు.

రెండు రోజులు చెయ్యి పట్టుకుని ఎక్కించాను, దించాను. మూడో రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, "వెళ్లిపోతానే. రాత్రుళ్లు నిన్ను ఎన్నిసార్లని లేపను?" అంది.

లేపు అక్కా, నన్ను లేపే మనిషి ఒకరు ఉండాలనేగా ఇదంతా కట్టించింది, అనాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా.

"నీ ఇష్టం" అన్నాను.

అక్క లేచి సంచీ సర్దుకుంది.