జాగ్రత్త అనని మనిషి

కార్‌వాష్ బ్రష్షులు తడితడిగా వచ్చి అద్దాలను రాసుకుంటూ పోతుంటే ఇప్పటికీ నా వేళ్ళు స్టీరింగును గట్టిగా పట్టుకుంటాయి. ఇంజను ఆపే ఉంటుంది, బండి ఎక్కడికీ పోదు, అయినా సరే. జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో మా వీధి చివరి పెట్రోలు బంకు కాస్తా మాయమై, కొమ్మలు బండిని గీకుతున్న ఇంగ్లండు పల్లె దారి కళ్ళ ముందుకొస్తుంది. ఆ దారిలో నా పక్క సీట్లో సరళ వదిన ఉంటుంది.

సరళ వదిన మా ఆయన శ్రీకాంత్‌కి అక్క. వరంగల్‌లో పుట్టి, ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో బ్రేకులు పరీక్షించే విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళను "మీరెందుకు జేసుకున్నరు?" అని తిరిగి అడిగేది. వాళ్ళు జవాబు వెతుక్కునేలోపు తన చాయ్ తాగేసేది. మేమీ ఊరొచ్చినప్పుడు ఇల్లు వెతికిందీ, అన్మెల్డుంగ్‌కి, అంటే చిరునామా నమోదుకి, ఆఫీసుకు తీసుకెళ్ళిందీ, మా పాప ఖుషికి కీటాలో, అదే పసిపిల్లల బడిలో, సీటు సంపాదించిందీ ఆవిడే. నేనేమో పుట్టు పిరికిదాన్ని. మా అమ్మ నాకు అన్నం ఎన్ని ముద్దలు పెట్టిందో అన్ని జాగ్రత్తలూ పెట్టి పెంచింది. మెట్లు దిగితే జాగ్రత్త, బస్సెక్కితే జాగ్రత్త, నవ్వితే పొలమారుతుంది జాగ్రత్త. వదిన పోరు పడలేక జర్మన్ లైసెన్సు తెచ్చుకున్నాను గానీ, కీటాకీ కూరగాయలకీ తప్ప బండి తీసిందే లేదు. శ్రీకాంత్‌కి అదీ లేదు. లైసెన్సు పరీక్షంటే ఆయనకెప్పుడూ వచ్చే నెలే.

ఒక వేసవిలో ఇంగ్లండు పల్లెలు చూద్దామంది వదిన. విమానంలో పోదామన్నాం. "పల్లెలు జూసెటోళ్ళు విమానంల పోతరా?" అని తన కారే తీసింది. బండి జర్మనీది, స్టీరింగు ఎడమ పక్కన. అక్కడ నడపాల్సిందీ ఎడమ పక్కనే. అంటే నడిపే మనిషి గడ్డి గట్టుకు ఆనుకుని కూర్చుంటుంది, ఎదురొచ్చే బళ్ళు పక్క సీటు మనిషికి ముందు కనబడతాయి. ఆ పక్క సీటు నాకిచ్చింది. డోవర్‌లో కారుతో పడవ దిగి ఇంగ్లండులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ నా నోరు ఊరుకుంటేనా! రౌండబౌట్ వస్తే జాగ్రత్త, గొర్రె కనబడితే జాగ్రత్త. ఒక ట్రాక్టరు వెనక చిక్కుకున్నప్పుడు వదిన బండిని పక్కకి తీసి ఆపేసింది.

"జాగ్రత్త అంటే నేనేం జెయ్యాలె స్వాతీ? ఆగాల్నా, పోవాల్నా?"

"అంటే… జాగ్రత్తగా," అన్నాను.

"నీకు కనబడుతున్నది నాకు కనబడతలేదు. అది జెప్పు. ఎర్ర కారొస్తుంది, దూరముంది. గంతే. మిగిలింది నేను జూసుకుంట."

ఆ రోజంతా కనబడిందల్లా చెప్పాను. దారి ఖాళీ, వ్యాను, సైకిలు మీద ముసలాయన. సాయంత్రమయ్యేసరికి భయం కాస్త తగ్గింది. చెప్పే పని పడితే భయపడే తీరిక తక్కువ కాబోలు.

ఉత్తరాన కొండల్లో, రాతి గోడల మధ్య ఒక ఇంట్లో దిగాం. మూడోనాటి పొద్దున వదిన మంచం మీంచి లేవబోయి మళ్ళీ పడిపోయింది. గది గిర్రున తిరుగుతోందంది. తల కదిపితే వాంతి. పక్షవాతమేమోనని చేతులెత్తమన్నాను, నవ్వమన్నాను. "ఇప్పుడు నవ్వుడేందే" అంది గానీ ముఖం పాలిపోయి ఉంది. అంబులెన్సు ఈ కొండ మీదికి రావడానికి చాలాసేపు పడుతుందనీ, లోయలో ఉన్న ఊళ్ళో క్లినిక్కుందనీ ఇంటావిడ చెప్పింది. శ్రీకాంత్ నా వైపు చూశాడు. ఖుషీ చూసింది. బండి తాళాలు వదిన తనే నా చేతిలో పెట్టింది.

ఆ దారికి వెడల్పు ఒక్క బండిదే. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క పొదలు, పైన వాన. మలుపు తిరిగేసరికి ఎదురుగా పాల ట్యాంకరు. దాని వెనక ఇంకో రెండు కార్లు. వెనక్కి పోవాల్సింది మేమే. రివర్సు గేరు వేశానో లేదో బండిలోని సెన్సార్లన్నీ ఒక్కసారి అరవడం మొదలెట్టాయి. గోడకీ అరుపే, కొమ్మకీ అరుపే, అచ్చం మా అమ్మే డిక్కీలో కూర్చున్నట్టు. కెమెరా అద్దం నిండా బురద. వదినకి కళ్ళు తెరిస్తే లోకం తిరుగుతుంది, కాబట్టి ఆవిడ చూసి చెప్పే వీల్లేదు. నావల్ల కాదని ఏడుపందుకున్నాను. బండి అక్కడే వదిలేసి వదినను మోసుకుపోదామన్నాను కూడా.

శ్రీకాంత్ వానలోకి దిగాడు. వెనక్కెళ్ళి నిలబడి డిక్కీ మీద అరచేత్తో చరిచి, హన్మకొండ బస్టాండులో క్లీనరు లాగా గొంతెత్తాడు.

"రానియ్! రానియ్, రానియ్… కొంచెం ఎడమకు కొట్టు… రానియ్… బస్, బస్, బస్!"

కార్లు తయారయ్యే ఊరి నుంచి తెచ్చిన బండి, దాని బుర్రంతా పక్కనపెట్టి, ఆ చరుపుల లెక్కనే వెనక్కి నడిచింది. గోడ కాస్త ఎడంగా ఉన్న చోట ఒదిగి ఆగాం. ట్యాంకరు డ్రైవరు వెళ్తూ వెళ్తూ, వానలో ముద్దయిన మా ఆయనకు చెయ్యెత్తి సలాం చేశాడు. లోయలోకి దిగేదాకా వదిన వాంతి కవరు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మాటా మాట్లాడలేదు.

చెవి లోపలి తేడా వల్ల వచ్చిన తల తిరుగుడు అది, ప్రాణభయం లేదన్నాడు డాక్టరు. వదిన తలను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాడు. మంచం పక్కన కూర్చుని అడిగాను.

"వదినా, అంతసేపు ఒక్క మాట అనలేదు. నా మీద నీకంత నమ్మకమా?"

"నమ్మకమా? నీ రివర్సు నాకు ఎర్కలేదా! పానం గుప్పిట్ల వెట్టుకోని కూసున్న." కళ్ళు తెరవకుండానే నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నా భయం గూడ నీ మీదేస్తే, రెండు భయాలతోని ఒక్క బండి ఎట్ల నడుపుతవ్? అందుకే నాది నేను పట్టుకున్న."

నేనిన్నాళ్ళూ ఆవిడకి భయమే లేదనుకున్నాను. ఉండీ దాన్ని నా చేతికి అందకుండా మోసిందని తెలిసి ఏడ్చాను. అంతకుముందు ఎవరూ నన్ను అంతగా ప్రేమించినట్టు నాకనిపించలేదు.

పోయిన చలికాలం వదిన వెళ్ళిపోయింది. గుండెపోటు. ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని మళ్ళీ లేవలేదు. ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తున్నన్నాళ్ళూ ఆవిడ మీద కోపంగానే ఉన్నాను, నొప్పి వచ్చినప్పుడైనా మాకు ఒక్క ఫోను చెయ్యలేదని.

మొన్న ఖుషి మొదటిసారి ఒంటరిగా రైల్లో బెర్లిన్ బయల్దేరింది, స్నేహితురాలి దగ్గరికి. ఎదిగిన పిల్ల, నాకంటే పొడుగు. ప్లాట్‌ఫాం మీద నేను దాని జిప్పు సరిచేశాను, సీసాలో నీళ్ళు చూశాను, మళ్ళీ జిప్పు సరిచేశాను. అది నా ముఖంలోకి చూసి, "అమ్మా, హస్ట్ డూ అంగ్స్ట్?" అంది. భయంగా ఉందా అని.

"ఉంది," అన్నాను. "అది నా దగ్గరే ఉంచుకుంటా. నువ్వు ఎక్కు."